వెన్నశాతం

పలమనేరు పాలకేంద్రంలో
పదమూడేళ్లుగా వెన్నశాతం చూస్తున్నా.
చెంబుడు నీళ్లు కలిపినా నాలుక పట్టేస్తుంది.
ఆ రాత్రి
ఉగ్గుగిన్నె కొసన జారిన పాలు
ఏ దోవన పోయాయో పట్టలేకపోయా.

జ్వరంలో హేమసుందరి పిండిచ్చిన పాలు.
పడుకోబెట్టి పోసింది మా అత్త రెడ్డెమ్మ,
తన ఆరుగురికీ పోసినట్టే.
తొమ్మిదిరోజుల బిడ్డ
దగ్గింది ఒక్కసారి.
ఏడవలేదు, అదే భయం.
పెదాలమీద నేరేడుపండు రంగు.

చిత్తూరు పెద్దాసుపత్రిలో
సన్నగొట్టంతో లాగి
సీసా ఎత్తి చూపింది నర్సు ఖుర్షీదా.
అర చెంచాడు లేవు.
నేను రోజూ మోసే క్యాను నలభై లీటర్లు.

"తల పైకి, ఒళ్లు వాలుగా.
గుటక పడనీ. ఆగనీ. ఊపిరి తీసుకోనీ.
ఆకలి దానిది, తొందర మీది."

గోడవారన కూచున్న అత్త
గిన్నెను కొంగుచాటుకు లాక్కుంది.
ఎవరూ ఏమీ అనలేదామెను.
అని ఉంటే బాగుండేదేమో.

ఇప్పుడు తెల్లారుజాము మూడు.
బిడ్డ నా భుజమ్మీద.
అవతల పాలలారీ హారన్ కొడతా ఉంది,
కొట్టుకోనీ.
వీపు నిమురుతున్నా, అత్త లాంతరులా
మేలుకొని చూస్తా ఉంది.

తేన్పు.
చొక్కామీద పుల్లటి మరక.
ఈ పాలకు
శాతం కట్టలేదు.