టైర్లలో ఇరవై పౌండ్ల గాలి

జాబితా ఎప్పుడూ ఎల్వుడ్ రాస్తాడు.
విత్తనాల కొట్టువాడిచ్చిన క్యాలెండర్లో
అయిపోయిన నెల చింపి, వెనక తెల్లవైపున,
వడ్రంగి పెన్సిలుతో, ఒత్తి ఒత్తి.
ఈసారి చిరిగింది అక్టోబరు.

"ముందు టైర్లలో గాలి తియ్యాలి"
ఏటా మొదటి వాక్యం ఇదే.
ఫెర్రీ దిగగానే, ఇసుక మొదలయ్యే చోట,
ముప్పై అయిదు పౌండ్ల నుంచి ఇరవైకి.
బిగిసి ఉన్న చక్రాన్ని ఇసుక మింగేస్తుంది,
మెత్తబడినదాన్ని మోస్తుంది.
(మా అన్న తత్వాలు చెప్పే మనిషి కాదు.
ఇది బండి గురించే.)

తర్వాత ఎర.
ఉప్పు పట్టించిన మల్లెట్ చేప, రెండు బాల్చీలు.
కొట్లో అమ్మే పురుగులు వద్దు, డబ్బు దండగ.
తడి ఇసుకలో దూరే బొటనవేలంత పీతల్ని
అల వెనక్కి తగ్గే ఆ రెప్పపాటులో
కాలివేళ్ళతో తవ్వి మనమే పట్టుకోవచ్చు.
నాలుగు ముళ్ళ సీసపు గుండ్లు ఇరవై,
అందులో పది ఎలాగూ సముద్రానివి.
పన్నెండడుగుల గాలం కర్రలు నాలుగు.
వాటిని ఇసుకలో నిలబెట్టే గొట్టాలు నాలుగు.
మంచినీళ్ళు మనిషికి రోజుకో గ్యాలను.
అక్కడ కొట్టు లేదు, కరెంటు లేదు,
మర్చిపోయినదాన్ని మర్చిపోవడమే.

దీవి అంటాం గానీ
ఉత్తర కెరొలైనా ఒంటికీ అట్లాంటిక్ దెబ్బకీ నడుమ
అడ్డం పెట్టిన మోచెయ్యి అది.
ప్రతి తుఫానుకీ కాస్త జరుగుతుంది.

మా చోటుకి మేం పెట్టుకున్న పేరు జెరూషా గుంట.
డెబ్భై తొమ్మిదిలో జెరూషా పిన్ని బండి
అక్కడ ఇరుసుదాకా దిగబడింది.
పోటు ఎక్కుతూ వస్తుంటే ఆవిడ
ట్రక్కు కప్పుమీద కూర్చుని ఉడికించిన గుడ్లు తిన్నదట.
మొన్న సెప్టెంబరు తుఫానుకి
సరిగ్గా అక్కడే దీవి తెగింది.
పటం గీస్తూ గీస్తూ అక్కడికొచ్చి
ఎల్వుడ్ పెన్సిలు ఆగింది.
"ఇంకో గుంట చూసుకోవాలి" అన్నాడు,
చెప్పు తెగినవాడు అన్నట్టు.

ఎలా చూసుకోవాలో నాకు తెలుసు, అయినా చెప్పాడు.
నీళ్ళు బాగా తీసినప్పుడు దిబ్బ ఎక్కి నిలబడు.
నురగ తెల్లగా వరసకట్టి విరుగుతూ ఉంటుంది.
ఎక్కడో ఒకచోట విరగదు,
పళ్ళవరసలో సందులా నల్లగా ఉంటుంది.
లోతు అక్కడ. ఎర్ర డ్రమ్ము చేప అక్కడ,
తోక మొదట్లో నల్లచుక్కతో,
పొట్టలో డప్పు వాయించుకుంటూ.

"ఈశాన్యం గాలి లేస్తే ఫెర్రీ ఆపేస్తారు"
కాఫీ పోస్తూ అంది వదిన లుడీ.
"ఆపితే అక్కడే ఉంటాం."
"ఉండండి" అంది, చక్కెర వెయ్యకుండా.

అగ్గిపెట్టెలూ సబ్బూ అయ్యాక,
కాగితం అంచున, ఒత్తకుండా రాసిన మాట ఒకటి:
కుర్చీ, 1.

ముప్పై ఒక్క ఏళ్ళ జాబితాల్లో కుర్చీ లేదు.
సముద్రం ముందు కూర్చునేవాళ్ళని
"టిక్కెట్టు కొన్నవాళ్ళు" అనేవాడు.
నడుంలోతుకి నడిచి, ఒళ్ళంతా విల్లులా వంచి విసిరి,
దారం వదులు చేసుకుంటూ వెనక్కి నడిచేవాడు,
మళ్ళీ నడిచేవాడు.
ఏప్రిల్లో భుజం కోసి కుట్టారు.
ఆ సంగతి లుడీ చెప్పింది, అతను చెప్పలేదు.

లుడీ సింకు వైపు తిరిగి
కడిగిన గిన్నెనే కడుగుతోంది.
పెన్సిలు ఇటివ్వమని
ఒకటి కొట్టేసి రెండు వేశాను.

"నీకెందుకు?"
"మోకాళ్ళు."
అబద్ధమేం కాదు.

కాగితం తన వైపు లాక్కుని
చాలాసేపు చూశాడు, లెక్క తప్పిందేమో అన్నట్టు.
పైకి వెళ్ళి ఎర దగ్గర దిద్దాడు.
"కూర్చుంటే తొందరగా లేవం కదా,
మూడు బాల్చీలు."

ఫెర్రీ శుక్రవారం పొద్దున్న ఏడింటికి.
గాలి కొలిచే గేజీ ఎక్కడ పెట్టామో
ఇంకా దొరకలేదు.