ఆకుపచ్చ సిరా

పందొమ్మిదేళ్లు ఆమె చెప్పింది, నేను టైపు చేశాను.
హబ్సిగూడ దాటాక, వేపచెట్ల వెనక,
మా సంస్థ రెండో అంతస్తులో
ఆమె మాట నా వేళ్లలోంచి దిగి ప్రభుత్వమయ్యేది.

డాక్టర్ హైమావతి.
చేరిన కొత్తల్లో హుస్సేన్‌సాగర్ నాచు మీద పని.
హార్లిక్స్ సీసాలో చెరువు నీళ్లు ఒళ్లో పెట్టుకుని
డబుల్ డెక్కర్ పై అంతస్తులో వచ్చేదట,
కండక్టరు ముక్కు మూసుకుని టికెట్ కొట్టేవాడట.
ఇదంతా అటెండర్ మొగులయ్య చెప్పిందే.
నేను చేరేసరికి ఆమెకు కారుంది,
గుమ్మానికి ఇత్తడి పలక ఉంది,
మైక్రోస్కోపుకి
మొగులయ్య భార్య కుట్టిన పూల గలేబు ఉంది.

ఆకుపచ్చని వెతుక్కుంటూ వచ్చిన మనిషికి
ఆకుపచ్చ పెన్నులో మిగిలింది.
గెజిటెడ్ సంతకం కదా.

తెల్లారకముందే శంషాబాద్, పదింటికి ఢిల్లీ,
రాత్రికి మళ్లీ నా ఎదురుగా,
"రాసుకోండి నర్సింగ్‌రావు గారూ."
పరిశీలించదగినది. నిధుల లభ్యతను బట్టి.
వచ్చే ఏడు చూద్దాం.
షార్ట్‌హ్యాండులో వచ్చే ఏడుకి ఒక్క గీత చాలు.

ఆ గీత కింద రుఖియా ఉంది.
మూసీ అడుగు బురదలో ఏముందో చూస్తానంది,
నాలుగు లక్షల పరికరం అడిగింది.
ఆ ఏడు డబ్బు కారుతున్న పైకప్పుకి పోయింది,
ఆ పై ఏడు జీతాల బకాయిలకి.
మూడోసారి ఆ పిల్ల అడగలేదు,
జీడిమెట్లలో మందుల కంపెనీలో చేరి స్వీట్లు తెచ్చింది.
మేడమ్ ఒక బాదుషా తీసుకుంది.
సాయంత్రం దాకా అది ఫైలు మీద
పేపర్‌వెయిట్‌లా కూర్చుంది.

అయితే ఒకటి చెప్పాలి.
ఒక కమిటీ, పేరెందుకులే,
బోరునీళ్ల నివేదికలో ఒక మాట మార్చమంది.
"ప్రమాదకరం" తీసేసి "గమనార్హం" పెట్టమంది.
ఫోన్లు వచ్చాయి. నేనే ఎత్తాను.
గొంతులు మెత్తగానే ఉన్నాయి.
ఆమె పెన్నుకి మూత పెట్టింది.
ఆ కాగితం దగ్గర డెబ్బై రెండు రోజులు మూత తీయలేదు.
చివరికి పాత మాటే అచ్చయింది.
మాకు రావాల్సిన కొత్త భవనం వేరే ఊరికి పోయింది.

రిటైర్మెంట్ సభలో
భవనం సంగతి ఇద్దరు ఎత్తారు, మాట సంగతి ఎవరూ ఎత్తలేదు.
శాలువా కప్పుకునే ఆమె తన గదిలోకి వెళ్లి గలేబు తీసింది.
కటకానికి బూజు పట్టింది.
బయట ఫోటోకి పిలుస్తున్నారు,
"ఏ జాతో ఇది" అంటూ ఆమె వంగి చూస్తోంది.

మొన్న ఫోన్ చేసింది.
నెక్లెస్ రోడ్డులో పొద్దున్నే సీసా ముంచుతుంటే
గార్డు విజిల్ వేశాడట. "పర్మిషన్ ఉందామ్మా?"
ఎందరికి తనే ఇచ్చిందో, ఆమెకు నవ్వాగలేదట.
"ఒక దరఖాస్తు టైపు చేయాలి,
ఎవరికి రాయాలో మీకే తెలుసు."

తెలుసు. చేసి పట్టుకెళ్లాను.
హోదా దగ్గర ఏం పెట్టమంటారని అడిగితే
ఖాళీగా ఉంచమంది.
నా జేబులో పెన్నే తీసుకుని సంతకం పెట్టింది,
నీలం సిరా,
ఆ రంగులో ఆమె పేరు నేను మొదటిసారి చూశాను.

జవాబు ఇంకా రాలేదు.
సీసా మాత్రం విజిల్ కంటే ముందే నిండిందట.