నత్త దాటేదాకా

పదకొండేళ్లుగా నా పొద్దు ఇలాగే మొదలయ్యేది:
మోకాళ్ల కింద గోనెపట్టా, చేతిలో స్పిరిట్ గుడ్డ,
ఇత్తడి పట్టాల మీద రాత్రి పేరుకున్న నలుపును
జానెడు జానెడుగా తుడవడం.
ముప్పై రెండు మీటర్లు.
టమాటా మడి చుట్టూ, గూస్‌బెర్రీ పొదల వెనకగా,
వాననీటి పీపాని ఒరుసుకుంటూ.
హార్జ్ కొండల మీంచి మంచు దిగితే ఒక తంటా,
స్ప్రూస్ చెట్టు జిగురు రాల్చితే ఇంకో తంటా,
అన్నిటికీ మించి, నత్త.

నత్తనడక అని నవ్వుతారు గానీ
దాని వెండి చార ఒక్కటి చాలు,
చక్రానికీ పట్టాకీ మాటలు పోయేవి.
నా పొగలేని పొగబండి
అక్కడికక్కడే కొయ్యబారిపోయేది.
కంచె అవతల నుంచి రోస్విథా అడిగేది:
"ఓట్‌మార్, ఇవాళ ఎవరు గెలిచారు?"
"నత్తే" అనేవాణ్ణి.

ఈ చలికాలం ఇంజన్ని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టాను.
తొమ్మిది మరలు ఊడాయి. పదోది తుప్పుపట్టి కదల్లేదు,
దానికి ఒక మధ్యాహ్నమూ రెండు తిట్లూ ఖర్చయ్యాయి.
చక్రాల నుంచి మోటారుకు పోయే తీగలు కత్తిరించాను,
ఎర్రదీ, నల్లదీ.
ఇక పట్టాలతో దీనికి బాకీ లేదు.
నీళ్లతొట్టెలో నాలుగు లిథియం సెల్స్ నిలువునా ఇమిడాయి,
బొగ్గు పెట్టెలో అగ్గిపెట్టెంత రిసీవర్.
డ్రైవర్ కాళ్ల కింద స్పీకర్.
నేలకు చిల్లులు పొడవకపోతే
గొంతు నొక్కినట్టుంటుందన్నాడు కొట్టువాడు.
పొడిచాను. ఇరవైమూడు.
బొమ్మ డ్రైవర్ ఎడమ బూటు ఒక చిల్లులోకి దిగిపోయింది.
అలాగే ఉంచాను.

చిప్‌లో పదిహేడు కూతలున్నాయి.
కొన్ని మరీ పెళ్లివారి బండిలా,
ఒకటి అచ్చం అలిగిన బాతులా.
పన్నెండోది నొక్కేసరికి అర్ధరాత్రయింది,
పక్కింటి మేడమీద దీపం వెలిగింది.
తెల్లారి రోస్విథా ఏమీ అనలేదు.
నేనూ క్షమాపణ చెప్పలేదు.

టంకం వేస్తుంటే వంటగదంతా గుగ్గిలం వాసన.
ఇరుసుకి గోరుచివరంత అయస్కాంతాలు నాలుగు,
చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు బుసలు.
మూడు సరిగ్గా అతికాయి.
నాలుగోది నా వేళ్ల వణుకుని దాచుకోలేదు.

జూన్‌లో బయటికి తెచ్చాను.
తుడవలేదు.
నాచు మీంచి, ఎండుటాకుల మీంచి
ఎవర్నీ అడక్కుండా నడిచిపోయింది.
బుస్, బుస్, బుస్... 
బుస్.
"సరిచేస్తాను" అన్నాను, ఎవరూ అడక్కముందే.
రోస్విథా బఠానీలు ఒలవడం ఆపింది.
"ముట్టుకోకు" అంది.
"నాన్న తోలిన బండి ఎగువ ఎక్కేటప్పుడు
ఇలాగే కుంటేది.
ఆ కుంటు వినే అమ్మ
సూపు పొయ్యిమీద పెట్టేది."

నలభై ఏళ్లు కంచెకి చెరోపక్క ఉన్నాం,
ఆమెకో నాన్న ఉండి ఉంటాడని
నాకెన్నడూ తట్టలేదు.

ఇప్పుడు పొద్దున్నే నా మోకాళ్లకు పనిలేదు.
అయినా గోనెపట్టా వేసుకుని కూచుంటాను.
గుడ్డ పొడిగానే ఉంటుంది.
ఎవరు గెలిచారని ఆమె అడగాలి కదా.

నిన్న వాన వెలిశాక మలుపు దగ్గర ఒకటి కనిపించింది,
కొమ్ములు చాచి, ఎడమ పట్టా ఎక్కుతూ.
రిమోట్ మీద బొటనవేలు వెనక్కి తిప్పాను.
మునుపైతే ఆపిన బండి చచ్చినట్టు పడుండేది.
ఇప్పుడు ఆగి కూడా ఊపిరి తీస్తోంది,
లోపలెక్కడో నీళ్లు మరుగుతున్నట్టు,
పంపు ఒకసారి దగ్గి ఊరుకున్నట్టు.
కంచె అవతల గిన్నెలో గింజలు పడే చప్పుడు ఆగింది.
నేను, ఆమె, బండి.
కుడి పట్టాకి ఇంకా
రెండు వేళ్ల దూరం.