కందకం పాఠం

ఏడో తరగతి. అన్నం గంటకి ఇంకా టైముంది.
నా క్యారియర్‌లోని సంగటి ముద్దను పళ్ళెంలో బోర్లించి
ఇదీ నార్మన్ల మట్టిదిబ్బ అన్నాను.
దాని నెత్తిన పచ్చిమిరపకాయ గుచ్చి
ఇది బురుజు, దొర ఉండే చోటు.
అప్పడం ముక్క ఎత్తుడు వంతెన. విరిగింది, సరే.
చుట్టూ పులుసు పోశాను.

"కందకం!" హంసవేణి లేచి నిలబడింది.
"మా అడివంచున ఏనుగులకి తవ్వినారే, అట్లాంటిదే.
ఏనుగు ఏం చేస్తాదో తెల్సునా సార్?
కాలితో గట్టు తోసి పూడ్చేస్తాది.
పిల్లని ముందు దాటిస్తాది."
నా పుస్తకంలో ఈ ముక్క లేదు.

గోడలో బాణాల సందులు బోర్డు మీద గీశాను,
బయటికి ఇరుకు, లోపలికి వెడల్పు.
"మా తలుపు సందు మాదిరి.
నాయన ఆడ్నించే టార్చి ఏస్తాడు."

సముద్రం దాటొచ్చి గెలుచుకున్న నేల మీద
ఆ ఊరోళ్ళకే జడిసి కట్టుకున్న కోటలు, అన్నాను.
పలమనేరు ఎండ కిటికీలోంచి బెంచీల మీదికి జరిగింది.
"అయితే ఆడ ఏనుగు ఎవురు సార్?"

జవాబు కోసం చివరి బెంచీ దాకా చూశాను.
చెంగల్రాయుడు పుస్తకం మీదే నిద్రపోతున్నాడు.
వేళ్ళకి టపాకాయల మందు నలుపు.
రాత్రి చెరుకు తోట మంచె మీద
వాడిదే కావలి.

లేపలేదు.
మిరపకాయ మెల్లగా ఒరిగి పులుసులో పడింది.
కోటని తినేయండ్రా, అన్నాను,
దిబ్బలో సగం
వాడికి తీసిపెట్టి.