కొలతల పుస్తకం

మెట్టుగూడ చౌరస్తాల మా దర్జీ దుకాణం.
గోడ మీద బాయిలర్ దానియేలు,
పిడికిళ్లెత్తి, గడ్డమెత్తి.
ఫోటోకు చెదలు పట్టి ఒక చెవి పోయింది.
మిగిలిన చెవితోనే
ఎనభై ఏండ్ల సంది మా ముచ్చట్లు వింటున్నడు.

ఆదివారం వస్తే చాలు, లొల్లి షురూ.

"అరవై ఒక్క పోటీలు. ఒక్కటి ఓడలే" అంటడు
స్టాన్లీ, రిటైరైన గార్డు,
జేబుల ఇప్పటికీ విజిల్ ఉంటది.
"ఎవర్ని గొట్టిండు?" లేస్తడు బిక్షపతి మాస్టరు.
"జీతాల దినం తాగిన సోల్జర్లను,
రెండు రూపాయలకు దెబ్బలు తినొచ్చిన కూలోళ్లను.
అరవై ఒక్క గెలుపులు కావవి, అరవై ఒక్క ఆకళ్లు.
బార్కస్ అవద్‌తోని ఎందుకు తలపడలే? గది చెప్పు."

ఇక్కడ అందరు ఆగుతరు.
ప్రతి వారం ఇక్కడనే ఆగుతరు,
సిగ్నల్ దొరకని గూడ్సు బండి లెక్క.

బోలారం మైదానంల తాళ్లు కట్టిన్రు, టికెట్లు తెగినయి,
వాన గూడ పడలే.
దానియేలు వచ్చిండు.
తాళ్ల బయటనే నిలవడి
లోపలున్న అవద్‌కు సలాం జేసి
వచ్చిన తొవ్వనే వాపస్ పోయిండు.

జరమొచ్చింది అంటడు స్టాన్లీ.
భయమొచ్చింది అంటడు మాస్టరు.
రెండూ వణికిస్తయి, నేను దారం కొరుక్కుంట ఊకుంట.

మొన్న ప్రవళిక వచ్చింది, జిల్లా పోటీలకు జెర్సీ కుట్టియ్యమని.
ఫోటో దిక్కు జూసి నవ్వింది:
"మోచేతులు అంత దూరమా? గడ్డం అట్ల ఇచ్చేస్తరా?
మా కోచ్ జూస్తే ఇరవై రౌండ్లు ఉరికిస్తడు.
మూడు నిమిషాలల్ల నేనే పడగొడ్త."
స్టాన్లీ మొఖం ఎర్రగయింది.
"రాత్రంత ఇంజన్లకు బొగ్గెత్తి
పొద్దుగాల గ్లోవ్స్ తొడిగేటోడు బిడ్డా.
మీకు సర్కారు గుడ్లు, పాలు..."
"గుడ్లు బంద్ జేసి ఆర్నెల్లాయె తాతా" అన్నది.
మాస్టరు గూడ మాట్లాడలే.

నా దగ్గర ఒకటున్నది. ఎవరికీ చూపలే.
మా తాత ఉర్దూ అంకెలల్ల రాసిన
కొలతల పుస్తకం.
దానియేలు: మెడ పద్దెనిమిది. ఛాతి నలభై ఆరు.
కుడిచెయ్యి ఎడమ కన్నా అరంగుళం పొడుగు.
ఏటేటా గివే.
ఆ ఏడు మాత్రం పక్కన సన్నగ:
"ఎడమ భుజం రెండేళ్లు దిగింది.
దూది పెట్టాలె. ఎవరికీ చెప్పొద్దన్నడు."
బోలారానికి నాలుగు నెలల ముంగట.

ఈ పేజీ జూస్తే స్టాన్లీ ఏడుస్తడు.

కానీ పేజీ తిప్పితే,
పోటీ తప్పిన వారానికి,
రెండు కోట్లు. పైసల కోట్లు కాదు, తొడుక్కునేటివి.
ఒకటి దానియేలుకు, ఒకటి అవద్‌కు,
ఒక్కటే తాను, ఒక్కటే లైనింగ్.
పైసలు ఒక్కరే కట్టిన్రు. ఎవరో రాయలే.

ఈ పేజీ జూస్తే మాస్టరు గంతులేస్తడు.

అమ్ముడువోయిన్రా? దోస్తులా?
దిగిన భుజం జూసి
"నువ్వు రాకు" అని అవదే అన్నడా?
అడుగుదామంటే కోట్లు ఎన్నడో చినిగినయి,
లోపలి మనుషులు అంతకు ముందే.
నా టేపు అరవై అంగుళాల కాడ అయిపోతది.
పేరును ఎక్కడ పట్టి కొలవాలె,
మెడ కాడనా, నడుం కాడనా?
నాకైతే అరవై ఒక్క గెలుపుల కన్నా
ఆ రెండేళ్ల మీదనే నమ్మకం.
మా తాత ఉత్తగ సిరా ఖర్చు పెట్టేటోడు కాదు.

"చేతులెత్తు బిడ్డా" అన్న.
టేపు ఎడమ భుజం మీద పెట్టంగనే
ప్రవళిక పండ్లు గిట్ట గరిచింది.
"కోచ్‌కు చెప్పకు అంకుల్, పదిహేను రోజులే ఉన్నది."

చెవి మీదికెల్లి పెన్సిల్ తీసిన.
మౌలాలి దిక్కు బండి పోతుంటే
దుకాణం అద్దాలు కదిలినయి, ఫోటో గూడ కదిలింది.
పేరు రాసిన, తారీఖు రాసిన.
భుజం కాడ
ఇంకా ఏం రాయలే.