పైన ఒకటుంది

పొద్దుగాల నాలుగింటికి
మక్తల్‌ల మా ఇంటి ముంగట
ఇండికా మీదికి సైకిలెక్కిచ్చినం.
కుర్మయ్య సారు ఎరువిచ్చిన రేసు సైకిలు.
"కారు పోయినా మంచిదే, ఇది పోవద్దు" అన్నడు సారు.
పరాష్కమాడిండనుకున్న. ధర తర్వాత తెలిసింది.

నులక తాడుతో కట్టిన, అది నమ్మక
పాత ట్యూబు పట్టీలు కోసి మళ్ళ కట్టిన,
అదీ నమ్మక
శివలీల చున్నీ అడుక్కొని హ్యాండిలుకు ముడేసిన.
"నాయినా, దానికి జడేస్తున్నవా?" అన్నది బిడ్డ.

పదిహేనేండ్ల సంది కిరాయిలు కొడుతున్న.
నా చూపు ఎప్పుడూ కిందనే:
గుంతలు, బర్లు, వడ్లారబోసిన రోడ్డు.
ఆ దినం మొదటిసారి
నా బండికి తల మొలిచింది.
పైన లోకం ఇంత కిందికి ఉంటదని
ఎవరికెరుక?
యాపకొమ్మలు, కేబులు టీవీ వైర్లు,
మరికల్ కాడ ఎవరిదో పెండ్లి షామియానా తాడు,
ఎన్నడో ఓడిపోయిన సర్పంచు అభ్యర్థి బ్యానరు,
అన్నీ మా మీదికే వంగినట్టుండె.
నేను వంగితే అది వంగుతదన్నట్టు
ప్రతి కొమ్మ కింద నేనే మెడ వంచిన.

లారీ ఒకటి పక్కపొంటి పోతే
గాలి బండిని గుంజి ఇడిసింది.
పైన గిర్రలు వాటంతటవే తిరుగుతున్నయి,
గర్రుమని ఒకటే సప్పుడు.
ఎవరూ తొక్కని సైకిలు
నాకంటె ముందే పాలమూరు చేరేటట్టున్నది.
దేవరకద్ర దాటేదాక నాలుగు తాన్ల ఆపిన.
దిగుడు, ముడి ఒత్తి చూసుడు, ఎక్కుడు.
"రేసు అయిపోతది నాయినా, నడువు."

రేసు గురించి ఎక్కువ చెప్ప.
జెండా ఊపిండ్రు,
పదకొండు మంది ఆడపిల్లలు పోయిండ్రు,
బైపాసు మలుపుల గొలుసు ఊడిందట.
తొమ్మిదోది వచ్చింది మా శివలీల.
చేతుల నిండ గ్రీజు.
మొకం మాత్రం కడుక్కున్నది, ఎందుకో నాకెరుక.

మళ్ళొచ్చేటప్పుడు ఒక్క తాన ఆపలే.
కొమ్మ చూడలే, వైరు చూడలే.
నడిమి అద్దం కిందికి తిప్పుకొని
వెనక సీట్ల బిడ్డ మొకమే చూసుకుంట నడిపిన.
ఏమన్న అందామని నోరు తెరుస్త,
ఊరొకటి వస్తది, మూస్త.
మిర్చి బజ్జి తింటవా అంటే తల ఊపలే.
ఇల్లొచ్చింది.
రోజూ పెట్టే రేకుల షెడ్డే,
రోజూ తిప్పినట్టే తిప్పిన.

ఆ సప్పుడు
వాడకట్టంత ఇన్నది.
రేకు ముడుచుకపోయింది, ఇనుప పైపు మూలిగింది.
ముందటి ఫోర్కు వంకర తిరిగి
సైకిలు ఆకాశం దిక్కు చూస్తున్నది.
క్యారియరు బోల్టులు రెండు
టాపును చింపుకొని లేచినయి.
తాళ్ళు మాత్రం ఒక్కటి తెగలే.
చున్నీ ముడి కూడ.

అప్పుడు నవ్వింది శివలీల.
"గొలుసు సంగతి సారుకెట్ల చెప్పాల్నా అని
తొవ్వంత ఒకటే రంది నాయినా.
ఇగ ఆ రంది లేదు."

ఇన్సూరెన్సు పిల్లగాడు అడిగిండు:
"ఏ బండి గుద్దింది?"
"బండి కాదు సారూ, మా ఇల్లు."
పెన్ను మూసిండు.

సైకిలు పైసలు నెలకింత కడుతున్న.
బిడ్డ ఒక అట్టముక్క మీద
స్కెచ్ పెన్నుతో రాసి స్టీరింగు ముంగట అతికిచ్చింది:
"పైన ఒకటుంది, మరువకు."
కురుమూర్తి జాతరకు కిరాయెక్కినోళ్ళు
అది చదివి చేతులు జోడిస్తరు.
ఒక ముసలామె పది రూపాలు పెట్టి
కండ్లకద్దుకున్నది.
నేనేం చెప్ప.
బండి తీసేముందు
తల బయటికి పెట్టి ఒకసారి చూస్త.
వెల్డింగు మచ్చల ఖాళీ క్యారియరు.
ఒక్కోనాడు దాని మీద కాకి కూసొని ఉంటది.
దాన్ని లేపినంకనే గేరేస్త.