నురగ రాని ఊళ్లు

మొదట్లో సీసాయే తీసుకెళ్లేదాన్ని.
తిరుగు రైల్లో, నౌపడ దాటాక,
ఎవరిదో కొబ్బరికాయల బస్తా నా సంచి మీద కూలబడింది.
మూత ఊడింది.
పదకొండు ఊళ్ల నీళ్లు, ఒక్కో చిన్న సీసాలో,
వాటికి నేను అంటించిన చీటీలు,
అన్నీ షాంపూలో నాని సిరా కరిగి
ఏది ఏ బావో, ఏది ఏ బోరో తెలియకుండా పోయింది.
ల్యాబులో సార్ సీసా ఎత్తి వాసన చూశారు.
"మల్లెపూలు" అన్నారు.
"మళ్లీ వెళ్లమ్మా" అన్నారు.

అప్పట్నుంచీ బిళ్ల.
అరచేతిలో ఒదిగే షాంపూ బిళ్ల,
మా మేనత్త పోసే బెల్లం అచ్చంత.
పిప్పరమెంట్ల రేకు డబ్బాకి
అడుగున మేకుతో ఐదు చిల్లులు పొడిచి అందులో పెట్టాను.
ఒలకదు, కారదు.
తడి మీద మూత పెడితే మాత్రం అలుగుతుంది,
తెల్లారేసరికి జావ.
అందుకే సోంపేట లాడ్జిలో
కిటికీ ఊచల మధ్య ఆరబెడతాను.
ఒకసారి కాకి ఎత్తుకెళ్లి, రుచి చూసి,
ఎదురు డాబా మీద ఉమ్మేసి పోయింది.
రూమ్ బాయ్ బైరాగి నిచ్చెన వేసుకుని తెచ్చిచ్చాడు.
ముక్కుతో పొడిచిన గుర్తు ఇప్పటికీ ఉంది.
లేదు, ఉండేది. అరిగిపోయింది.

మిషను కంటే ముందు అదే చెప్పేస్తుంది నాకు
ఏ ఊరి నీళ్లు ఎలాంటివో.
హిరమండలంలో ఏటి నీళ్లకి
నాలుగు రుద్దులకే చెవుల దాకా నురగ.
సముద్రం వైపు జరిగేకొద్దీ
బిళ్ల మూగదవుతుంది.

కవిటి అవతల తోటల్లో
ఆఖరి బస్సు పోయిన రాత్రి
దున్న ఊర్వశి ఇంట్లో పడుకున్నాను.
పొద్దున్నే బోరు కొట్టి రెండు బకెట్లు పెట్టింది.
జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడిన చేతులు,
ఆ నలుపు పెళ్లిలో గోరింటాక్కీ లొంగలేదట.
నేను రుద్దుతున్నాను, రుద్దుతున్నాను,
జుట్టు కొబ్బరి పీచయింది తప్ప
ఒక్క బుడగ లేదు.
నడుం మీద చెయ్యేసుకుని చూసి చూసి నవ్వింది.
"ఓలమ్మ! మా నీల్లకి కందిపప్పే ఉడకదు,
నీ బిల్లకి నురగొస్తాదేటి?"

లోపల మంచం మీంచి ఆమె మొగుడు అడిగాడు
"నీల్లేటంటన్నాయమ్మా?"
ఆ రోజు అతనికి సూదుల రోజు.
ఆటో వచ్చేదాకా గోడకి ఆనుకుని కూర్చుంటాడు,
రోజంతటికీ కొలిచి పోసిన మూడు గ్లాసుల్లో
మొదటిది ఇంకా ముట్టకుండా దాచుకుని.
నురగ రాకపోవడం జబ్బు కాదు. నాకు తెలుసు.
గట్టి నీళ్లంటే గట్టి నీళ్లే,
అంతకుమించి బిళ్లకేం తెలుస్తుంది?
"రిపోర్టు రావాలండి" అన్నాను
తడి జుట్టు ముడేసుకుంటూ.
ఈ గుమ్మంలో ఆ మాట అన్నది
నేనొక్కదాన్నే కాదనుకుంటా.
అతను గ్లాసు కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

బస్సులో డబ్బా తేలిగ్గా తగిలింది.
తెరిస్తే సగమే ఉంది బిళ్ల,
జున్ను ముక్క కోసినట్టు నున్నగా.
కోపం రాలేదని చెప్పను.
వచ్చింది, కంచిలి దాకా.

జూన్ నెలాఖర్లో ఫోను.
"నానే, ఊర్వశిని.
అడిగితే ఇస్తావని తెలుసు, అందుకే అడగలేదు.
రాత్రి వానొచ్చింది. సూరు కింద గంగాళమెట్టేను.
ఎంత నురగనుకున్నావు!
మాయాయనకీ రుద్దేను. తలంతా తెల్లగైపోతే
అద్దం తెమ్మన్నాడు, సూసుకుని నవ్వేడు."
కాసేపు వాన చప్పుడే వినిపించింది.
"రిపోర్టు అడగమంటన్నాడు."

వాళ్ల ఊరి సీసా
ల్యాబు బల్ల మీద వరసలోనే ఉంది,
ముప్పై ఒకటో నంబరు.
ఈసారి చీటీ పెన్సిల్‌తో రాశాను,
నీళ్లు తగిలినా చెరగదు.